రేవులో చప్పట్లు

మా కింది వాటాలో కిరాయికి ఉండే ఆమెది బాన్సువాడ అవతలి తండా. ఆమె కూతురు నర్సు. పోయిన ఏడాది ఐర్లాండులో ఒక దవాఖానలో ఉద్యోగం దొరికి వెళ్లింది. ఆదివారం పూట వీడియోలో మాట్లాడుతుంది. తల్లీకూతుళ్లు కాసేపు తమ ఇంటి భాషలో ముచ్చట్లాడుకున్నాక, "అవ్వను పిలువే" అని నన్ను పిలిపిస్తుంది ఆ పిల్ల. చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకుంది, ఆ మమకారం ఇంకా పోలేదు.

మొన్నటి ఆదివారం ఆరుబయట నడుస్తూ మాట్లాడింది. గాలి హోరుకు సగం మాటలు వినబడలేదు. ఫోను తిప్పి నాకు చుట్టూ చూపించింది. బూడిద రంగు నీళ్లు. నీళ్లకు అవతల కొండవాలు మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు రంగురంగుల ఇళ్లు. వాటి నెత్తిన పెద్ద చర్చి. తను నిలబడింది ఒక దీవి మీద.

"గిది పాత కోట అవ్వా. ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నరు. వీళ్లకు స్వతంత్రం వచ్చినంక గూడ ఇంగ్లీషోళ్లు గీ కోటను ఇడువలేదంట. చానా ఏండ్లు గిక్కడనే కూసున్నరంట. మల్ల ఒక్కనాడు జెండా దించి పడవలెక్కి పోయిండ్రంట. ఒడ్డు మీద మంది అంత పాటలు పాడిండ్రంట, చప్పట్లు కొట్టిండ్రంట. గైడు చెప్పిండు."

నేను ఆ ఇళ్ల వరసనే చూస్తున్నాను. ఆ ఒడ్డు నాకు తెలుసు. ఏనాడూ వెళ్లింది లేదు, బొమ్మలోనైనా చూసింది లేదు. అయినా తెలుసు.

"ఏమైంది అవ్వా? గీ ఊరు గురించి నీకేమన్న కావాల్నా? ఎవరినన్న అడగాల్నా?" అంది ఆ పిల్ల.

ఎవరిని అడగమని చెప్పను? నాకు ఒక్క పేరు కూడా తెలియదు. మా తాత ఎప్పుడూ "మా పోరి" అనే అన్నాడు. పోరి తల్లిని "గామె" అన్నాడు. ఫోను వాళ్లమ్మ చేతిలో పెట్టి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఆ పూట అన్నం వండుకోలేదు.

*

నా చిన్నతనంలో మా వాడలో ఏ అరుగు చూసినా బీడీలు చుట్టే ఆడవాళ్లే. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు. ఆ తడి ఆకు వాసనకూ తంబాకు ఘాటుకూ కొత్తవాళ్లు తుమ్ముతూ వాడ దాటేవాళ్లు. మాకు అదే గాలి. చెరుకు దినాలు వచ్చాయంటే మాత్రం పొలాల వైపునుంచి బెల్లం కాగే వాసన వచ్చి తంబాకును కొన్నాళ్లు వెనక్కి నెట్టేది. పిల్లలం బండ్ల వెంట పరిగెత్తి చెరుకు గడలు గుంజుకునేవాళ్లం. బండివాడు ముల్లుగర్ర చూపించి బెదిరించేవాడు గాని ఎప్పుడూ కొట్టలేదు.

ఇంటికి పెద్దదిక్కు మా అవ్వ, మా నాయిన తల్లి. మా నాయిన బజారులో ఒక కిరాణా దుకాణంలో పని చేసేవాడు. అమ్మా అవ్వా బీడీలు చుట్టేవాళ్లు. మాతోపాటు అవ్వ తమ్ముడు ఉండేవాడు. నాకు తాత. వాడంతా ఆయనను బొంబాయి తాత అనేది.

అవ్వే ఆయనను పెంచిందట. తల్లి పోతే చంకలో వేసుకుని తిరిగిందట. మీసాలు రాని వయసులో ఆయన తెల్లవాళ్ల దండు ఉండే లష్కర్‌కు వెళ్లి ఒక ఇంగ్లీషు దొర ఇంట వంటపనికి కుదిరాడు. ఆ దొర దేశం వెళ్లిపోతూ ఈయనను కూడా ఓడలో తీసుకుపోయాడు. తర్వాత కబురు లేదు. అందరూ ఆశ వదులుకున్నారు. చుట్టాలు కర్మ చేయమన్నారు. "నా తమ్మునికి నేను పిండం పెట్ట. వాడున్నడు" అని అవ్వ మొండికేసిందట. నేను పుట్టడానికి కొంచెం ముందు, ఇరవై ఏళ్లు దాటాక, ఒక మధ్యాహ్నం ఆయన ఒక రేకు పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. యుద్ధం నడిచినన్నాళ్లూ బొంబాయి రేవులో, ఓడల్లో వంటలు చేశానని చెప్పాడు. అంతకుముందు సంగతి ఎవరు అడిగినా "ఏముంటది, వంటనే" అనేవాడు. అవ్వ పిల్లను చూస్తే వద్దన్నాడు. ఇంకో పిల్లను చూసినా వద్దన్నాడు. వాడవాళ్లు ఆయనకు తల కొంచెం తిరిగిందని తేల్చుకుని, ఇక ఆ మాట ఎత్తడం మానేశారు.

నడి ఎండాకాలంలో కూడా నెత్తిన ఉన్ని టోపీ ఉండేది. పెళ్లిళ్లకు వంట చేయడానికి పిలిస్తే వెళ్లేవాడు గాని, బాజాలు మొదలయ్యేసరికి పొయ్యి ఆర్పి వచ్చేసేవాడు. నాకు జ్వరం వస్తే ఆలుగడ్డలు ఉడకబెట్టి, పాలు పోసి మెదిపి, ఉల్లికాడలు తరిగి కలిపి, నడుమ గుంట చేసి ఆ గుంటలో వెన్న వేసేవాడు. వెన్న కరిగి చెరువులా నిండేది. "అంచుల పొంటి తినుకుంట రావాలె. కట్ట తెగొద్దు" అనేవాడు. కారం లేని ఆ ముద్దను చూసి అవ్వ ముఖం చిట్లించేది. "పండ్లు రాని పోరగాండ్ల కూడు" అనేది. నాకు మాత్రం ఆ గిన్నె కోసమే జ్వరం రావాలని ఉండేది.

పిల్లలం ఆయనలో ఒక సంగతి కనిపెట్టాం. వెనకనుంచి వెళ్లి గట్టిగా చప్పట్లు కొడితే ఆయన ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకునేవాడు. చేతిలో ఏది ఉంటే అది కింద పడేది. మాకు అది ఆట. తూము దగ్గర దాక్కుని, ఆయన నీళ్ల బిందెతో వచ్చేదాకా ఆగి, అందరం ఒక్కసారి కొట్టి పరిగెత్తేవాళ్లం. ఆయన తిట్టేవాడు కాదు. పడిన బిందె ఎత్తుకుని మళ్లీ బావి దగ్గరికి పోయేవాడు.

*

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నిజాంసాగర్ నిండి గేట్లు ఎత్తుతున్నారని ఊళ్లకు ఊళ్లు చూడటానికి బయలుదేరాయి. మా నాయిన ఒక ఎడ్లబండి మాట్లాడాడు. అవ్వ ఇంటి దగ్గరే ఉండిపోయింది. తాత రానన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వదలలేదు.

కట్ట మీద జనం. ఉడకబెట్టిన పల్లీలు, కాల్చిన మక్కకంకులు, తడిసిన గొంగళ్ల వాసన. గేట్లలోంచి దూకే నీళ్ల తుంపర ముఖానికి తగులుతుంటే మాట్లాడేవాళ్ల మాట వినబడటం లేదు. ఇంతలో నీళ్ల మీద ఒక మోటారు పడవ కదిలింది. ఎవరో అధికారులు. పడవ ముందు భాగాన మన జెండా. జనం అంతా అటు తిరిగి చప్పట్లు కొట్టారు.

నా చేతిలోంచి తాత చెయ్యి జారిపోయింది. చూస్తే ఆయన కట్ట వెనక గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. చెవులు మూసుకోలేదు. నోరు తెరుచుకుని, ఊపిరి అందనట్టు కూర్చున్నాడు. నాకు భయం వేసింది. నాయిన, అమ్మ ముందుకు వెళ్లిపోయారు. రొట్టెల మూట నా దగ్గరే ఉంది. ఏం చేయాలో తెలియక మూట విప్పి ఆయన చేతిలో జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం పెట్టాను.

ఆయన తినలేదు. రొట్టెను చేతిలో పట్టుకునే అన్నాడు: "మా పోరి గూడ గట్లనే కొట్టింది."

"ఏ పోరి తాతా?"

"మా పోరి. అప్పటికి నీ కంటె చిన్నది."

ఆ గోడ పక్కన కూర్చుని, నీళ్ల హోరులో, ఆయన నాకు చెప్పాడు. ఎందుకు నాకే చెప్పాడో తెలియదు. పిల్లనని, నాకు అర్థం కాదని అనుకున్నాడేమో.

దొర ఆయనను తీసుకుపోయింది ఐర్లాండుకు. ఆ దేశం అప్పుడప్పుడే ఇంగ్లీషువాళ్ల చేతిలోంచి బయటపడింది. ఊళ్లలోని పటాలాలన్నీ పోయాయి. అయినా రేవుల దగ్గర కోటలు కొన్ని మాత్రం ఇవ్వకుండా వాళ్లే ఉంచుకున్నారు. ఆ కోటల్లో ఒక దాంట్లో సిపాయిల వంటింట్లో దొర ఈయనను పెట్టించాడు. తర్వాత దొరలు మారారు గాని వంటవాడు మారలేదు. బట్టలుతికే పనికి వచ్చే ఒకామెతో ఈయనకు మాట కలిసింది. పడమటి దిక్కు పల్లెనుంచి బతకడానికి వచ్చిందట. వాళ్ల గుడిలోనే పెళ్లి చేసుకున్నారు. కొండ మీద, గుడి కింద ఇళ్ల వరసలో ఒక గది. ఈయన పొద్దున్నే పడవలో కోటకు పోయి, పని చేసి, తిరిగి వచ్చేవాడు. బిడ్డ పుట్టింది.

"నల్లగుంటదా, తెల్లగుంటదా?" అని అడిగాను నేను. ఆ వయసుకు నాకు తోచిన ప్రశ్న అదే.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "చాయ లెక్కుంటది. పాలు ఎక్కువ పోసిన చాయ" అన్నాడు. ఆ ఒక్కసారి నవ్వాడు.

తర్వాత ఆ కోటలు కూడా ఇచ్చేయాలని పై వాళ్లు ఒప్పుకున్నారు. ఊళ్లో పండగ. గామె కూడా ఏడ్చిందట సంతోషంతో. ఆమె తండ్రిని ఒకప్పుడు ఆ పటాలం వాళ్లే కొట్టారట. ఈయనకూ సంతోషమే. కానీ వంటింటి సామానంతా ఇంగ్లండు ఒడ్డుకు చేర్చి అప్పజెప్పాలని, వంటవాళ్లు వెంట రావాలని హుకుం వచ్చింది. అప్పజెప్పి మళ్లీ పడవెక్కి వచ్చేయొచ్చని పై అధికారి చెప్పాడు. "నువ్వు గూడ రారాదు, చూసొద్దం" అన్నాడట ఆమెతో. "ఇగ ఇది మా దేశం అయిన దినాన నేనెందుకు పడవెక్కాలె? నువ్వు పోయి రా" అందట ఆమె.

"గాడ ఎండకాలంల పొద్దు జెప్పన గూకదు బిడ్డా. రాత్రి బువ్వ తిన్నంక గూడ ఎలుగుంటది. గా ఎలుగుల దొరల జెండా దించిండ్రు. గా దేశపోల్ల జెండా ఎక్కిచ్చిండ్రు. మన జెండల రంగులే, గని నిలువుగుంటయి. తోపులు పేల్చిండ్రు. నేను వంట దేగిషాల నడుమ కూసున్న పడవల. ఒడ్డు పొంటి మంది. పాటలు. మా పోరి తల్లి భుజం మీద ఉన్నది. ఎర్ర రిబ్బను కట్టింది తల్లి. అందరు చప్పట్లు కొడ్తుండ్రని అది గూడ కొడ్తుంది. పడవ పోతుంటే కొడ్తుంది. నాయిన పోతుండని దానికేం ఎరుక? సంబురం అనుకున్నది."

"మల్ల ఎప్పుడు పోయినవు గాడికి?"

"పోలే."

ఇంగ్లండు ఒడ్డున సామాను అప్పజెప్పాక, ఇండియానుంచి తెచ్చిన నౌకరును ఇండియాలోనే దింపాలన్నది కానూను అన్నారట. ఈయన మొత్తుకున్నాడు. పెళ్లాం ఉందన్నాడు, బిడ్డ ఉందన్నాడు. ఓడ ఎక్కించారు. బొంబాయిలో దింపారు. తిరుగు ఓడ కోసం రేవులోనే పని పట్టాడు. ఏడాది తిరిగేసరికి యుద్ధం వచ్చింది. దొరికిన ఓడలన్నీ వేరే దిక్కు పోయేవే. ఒక దొర చేత ఉత్తరం రాయిస్తే జవాబు రాలేదు. ఆ దొర యుద్ధంలో పోయాడు. యుద్ధం అయ్యేసరికి ఈయన చేతులు వణకడం మొదలైంది. వణికే చేతుల వంటవాణ్ణి ఏ ఓడా ఎక్కించుకోలేదు.

మా నాయిన మక్కకంకులతో తిరిగి వచ్చాడు. తాత లేచి ధోతి దులుపుకున్నాడు.

*

నాకు కడుపులో మాట ఆగే వయసు కాదు. మర్నాడు అవ్వ పక్కన కూర్చుని తునికాకు కత్తిరిస్తూ మొత్తం చెప్పేశాను. అవ్వ చేతులు ఆగిపోయాయి. ఒడిలోని తంబాకు కింద ఒలికింది, అది కూడా చూసుకోలేదు.

కొన్ని రోజులు అవ్వ తాతకు అన్నం పెట్టేది గాని ముఖం చూసేది కాదు. అమ్మ భయపడి నన్ను గిల్లి, "ఏం చెప్పినవే ముసలిదానికి?" అని అడిగింది. చివరికి ఒక పొద్దున ఆయన అరుగు మీద చాయ తాగుతుంటే అవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పోరి చెప్పింది నిజమేనా?"

తాత నా వైపు చూశాడు. కోపం లేదు. "నిజమే అక్కా."

"గిన్నేండ్ల సంది నా చేతి బువ్వ తింటుంటివి. ఒక్క మాట చెప్పకపోతివి. నేను నీకు సంబంధాలు చూసుకుంట ఊర్లపొంటి తిరిగితి గదరా!"

"చెప్తే ఏం జేస్తవక్కా? పో అంటవు. ఎట్ల పోవాలె?"

"పో అనే అంటున్న" అంది అవ్వ. "ఆడపిల్లను కని ఎట్ల ఇడిసిపెట్టి వస్తవు? సచ్చినవో బతికినవో దానికి ఎరుక లేకపాయె. నేనంటె అక్కను, నా మొండితనం నాకుండె. గాయింత పోరి ఎన్నేండ్లు కూసుంటది నీ కోసం?"

ఆ సాయంత్రం అవ్వ కాళ్ల కడియాలు లేకుండా కనబడింది. కడియాలు లేని ఆమె కాళ్ల మీద తెల్లటి వలయాలు ఉన్నాయి. వాటి పైసలు తాత ధోతి కొంగున ముడివేసింది.

ఆయనను పంపడానికి నాయిన, నేను మద్నూరు దాకా వెళ్లాం. అక్కడ లారీలు ఆగే చోట అందరూ మరాఠీలో మాట్లాడుతున్నారు. బొంబాయి పోయే ఒక లారీ డ్రైవరు, "చలా బాబా, బసా" అని తాతను ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. అవ్వ కట్టిచ్చిన సద్దిరొట్టెలు, పల్లీల పొడి, మా ఊరి గానుగ బెల్లం ముద్ద ఒకటి ఆయన ఒళ్లో ఉన్నాయి. "బెల్లం గా పోరికి" అని అవ్వ మరీ మరీ చెప్పింది. అది అక్కడిదాకా పాడు కాకుండా ఉంటుందా అని నేను అడిగితే, "ఉప్పు గాలికి చెమ్మగిల్లుతది. గుడ్డల గట్టిగ కట్టిన" అన్నాడు తాత. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన తల నేను చూడటం అదే మొదలు. ముందు వైపు వెంట్రుకలు లేవు, చిన్నపిల్లవాడి నుదురులా ఉంది. లారీ కదులుతుంటే నాకు సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టబోయి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

*

చెరుకు బండ్లు మొదలైన రోజుల్లో ఆయన తిరిగి వచ్చాడు. బస్సు దిగి నడిచి వచ్చాడు. రేకు పెట్టె లేదు. బెల్లం మూట ఉంది. కరిగి గుడ్డకు పట్టి, చీమలు పట్టి ఉంది. అవ్వ ముందు దానినే చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది. నీళ్లిచ్చింది.

"ఓడలు లేవా?" అంది.

"ఉన్నయి. మస్తున్నయి. నాకే కాగితం లేదు."

ఆయన బొంబాయిలో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పాసుపోర్టు కావాలన్నారు. ఎక్కడ పుట్టావన్నారు. పుట్టినప్పటి రాజ్యం ఇప్పుడు లేదు. అక్కడ నీవాళ్లెవరున్నారన్నారు. పెళ్లాం, బిడ్డ అంటే గుమాస్తాలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. రుజువు చూపించమన్నారు.

"పెండ్లి కాగితం ఉన్నదక్కా. గామె పెట్టెల ఉన్నది. గా పెట్టె కాడికి పోవాల్నంటె గా కాగితం కావాల్నంటరు."

అవ్వకు అర్థం కాలేదు. "మరి అప్పుడెట్ల పోయినవురా? అప్పుడెవ్వలు అడగలేదా?"

"అప్పుడు రాజ్యం ఒక్కటే ఉండె. దొర ఏలు పట్టుకొని ఎక్కిచ్చిండు, సామాను ఎక్కిచ్చినట్టు. మల్ల దొరలే దింపిండ్రు. ఇప్పుడు ఆల్లకు సొతంత్రం వచ్చె, మనకు సొతంత్రం వచ్చె. మంచిదే. గాల్లది గాల్లకు, మనది మనకు. నడుమ నేను యాడున్ననో నాకు సమజైతలేదక్కా."

ఆయన ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని అమ్మ ఆ రాత్రి నాయినతో అంది. మర్నాటినుంచి అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. పిల్లలం చప్పట్ల ఆట మానేశాం. మిగతా వాళ్లకు నేనేమీ చెప్పలేదు. ఒకసారి ఒక కొత్త పిల్లవాడు వెనకనుంచి కొడితే తాత ఉలిక్కిపడలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. వాడు ఇంకా గట్టిగా కొట్టాడు. ఆయన కదలలేదు.

నేను ఉడకబెట్టిన ఆలుగడ్డలు మెదిపి పట్టుకుపోయాను. పాలు ఎక్కువై జావలా అయ్యాయి. గుంట నిలవలేదు. ఆయన రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు.

చలి ముదిరినప్పుడు జ్వరం వచ్చింది. దవాఖాన మందు పనిచేయలేదు. ఒక పొద్దున ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టాడు. మాకు ఒక్క ముక్క తెలియలేదు. గొంతు కూడా ఆయనది కాదు. పడుచువాడి గొంతు, హుషారైన గొంతు. నాయిన పరిగెత్తి వెళ్లి ఇంగ్లీషు చెప్పే పంతులును తీసుకొచ్చాడు. పంతులు మంచం పక్కన వంగి చెవి పెట్టి విన్నాడు. మళ్లీ విన్నాడు.

"ఏమంటుండు పంతులూ?" అంది అవ్వ.

"ఇది ఇంగ్లీషు గాదమ్మా."

"మరేంది?"

పంతులు తల అడ్డంగా ఊపాడు. ఐర్లాండు వాళ్లకు ఇంగ్లీషు గాక సొంత భాష ఉందని, ఆ పడమటి పల్లెనుంచి వచ్చినామె ఇంట్లో మాట్లాడింది అదే అయి ఉంటుందని నేను పెద్దయ్యాక, పుస్తకాలు చదివాక అనుకున్నాను. అప్పుడు మాత్రం ఆ గదిలో ఉన్న అందరం ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం. ఆయన ఏదో అడుగుతున్నాడు. జవాబు కోసం ఆగుతున్నాడు. జవాబు రాకపోతే అదే మళ్లీ, ఇంకొంచెం మెల్లగా, బతిమాలినట్టు అడుగుతున్నాడు.

అవ్వ మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఆఁ బిడ్డా" అంది. ఆయన మళ్లీ అడిగాడు. "అట్లనే బిడ్డా. అట్లనే. అంత మంచిగనే ఉన్నరు" అంది. ప్రతిదానికీ అదే చెప్పింది. చెప్తూనే ఉంది. ఒక దశలో ఆయన కళ్లు తెరిచి ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాడు. అవ్వ గామె కాదని తెలిసింది కాబోలు. మాట ఆపేశాడు. ఆ తర్వాత ఏ భాషలోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం, వాడలో బీడీల లెక్క చూసేవాడు వచ్చి అందరి చాటలూ ఖాళీ చేయించుకుంటున్న వేళ, పోయాడు.

*

దినాల రోజు చుట్టాలు వచ్చారు. ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక ముసలామె నిట్టూర్చి, "ఏం బతుకు పాపం. ఆలి లేకపాయె, పిల్లలు లేకపాయె. నెత్తి కొట్టుకొని ఏడ్వ ఒక్క మనిషి లేకపాయె" అంది.

"ఉన్నరు" అంది అవ్వ.

అందరూ ఆమె వైపు తిరిగారు. బంతిలో మోదుగాకు ఇస్తార్లు వేసేటప్పుడు అవ్వ వరస చివర రెండు ఇస్తార్లు ఎక్కువ వేసింది. వాటిలో అందరితో సమానంగా అన్నం పెట్టింది, పప్పు పోసింది, బూరె పెట్టింది. నీళ్ల గ్లాసులు పెట్టింది. ఎవరికని వడ్డించేవాడు అడిగాడు.

"మా మరదలుకు. మా మేనకోడలుకు."

"బతికున్నోళ్ల పేర గిట్ల పెడ్తరా?" అని ముసలామె అడ్డం వచ్చింది.

"సచ్చినోళ్లకు పెడ్తనే ఉంటిమి గద. ఈల్లు ఏం పాపం జేసిండ్రు? గింత దూరం రానీకె తొవ్వ లేకపాయె. మైల ఈల్లకు లేదా? మనకేనా?" అంది అవ్వ. గొంతు పైకి లేవలేదు. మిగతావాళ్లు తలలు దించుకుని తినడం మొదలుపెట్టారు. నేను ఆ రెండు ఇస్తార్ల పక్కన కూర్చున్నాను. బూరె మీద ఈగ వాలితే విదిలించాను. అందరూ లేచాక అవ్వే ఆ రెండూ ఎత్తింది. ఆవుకు పెట్టలేదు. ఏం చేసిందో నేను చూడలేదు.

ఆ తర్వాత అవ్వ కొన్నేళ్లే బతికింది. తంబాకు దుమ్ము గుండెల్లో దిగింది. దగ్గుతూనే బీడీలు చుట్టేది. కాళ్ల మీది తెల్ల వలయాలు కాలంతో నల్లబడ్డాయి. మా వాడ ఇప్పుడు లేదు. అరుగులు కొట్టేసి షెటర్లు పెట్టారు. బీడీలు చుట్టే చేతులు తగ్గిపోయాయి. తంబాకు వాసన తెలియని పిల్లలు ఆ సందులో బండ్లు నడుపుతున్నారు. తాతను ఎరిగినవాళ్లలో నేను ఒక్కదాన్నే మిగిలాను.

నేను పెళ్లయి వెళ్లేముందు అవ్వ ఒకసారి ఆకు కత్తిరిస్తూ ఉన్నట్టుండి కత్తెర ఆపింది.

"గామెకు ఎరుకైతదంటవా?" అంది.

"ఎవరికవ్వా?"

"మీ తాత పెండ్లానికి. మొగడు పోయిండని ఎవ్వలు చెప్తరు గామెకు? ఒచ్చిన పడవనల్ల చూసుకుంట కూసున్నదేమో ఒడ్డుకు. పోరి పెద్దగై, అది గూడ కూసున్నదేమో. ఎవ్వలన్న పోయి చెప్పాలె గదనే, ఇగ చూడకుండ్రమ్మా, ఇంటికి పోండ్రి అని."

అవ్వ కాసేపు నా ముఖం చూసి, మళ్లీ కత్తెర తీసుకుంది.

ఎవరూ పోలేదు. ఎవరూ చెప్పలేదు.